ఒకటిన్నర మిల్లీమీటరు

ఆదోని పాలిటెక్నిక్ వర్క్‌షాపులో
ఆ వారమంతా రెండే పార్టీలు.
దస్తగిరిది చైను.
ఉలిగమ్మది బెల్టు.
నాది డ్రిల్లింగ్ మిషను, కాబట్టి
నన్నెవరూ ఓటు అడగలేదు.

దస్తగిరి వాళ్ళ నాయన ఎమ్మిగనూరు రోడ్డులో
లూనాల కాలం నుంచీ మెకానిక్కు.
"సాగితే ఒక లింకు తీసేస్తాం, తెగితే ఇంకోటి ఏస్తాం,
యా ఊర్లో అయినా దొరుకుతాది.
నీ బెల్టు తెగితే ఏం జేస్తావు మే,
బెంగళూరుకు ఫోన్ జేసి ఏడుస్తావా?"

ఉలిగమ్మ ఏడ్చే రకం కాదు.
నోటుబుక్కు తిప్పి లెక్క చూపింది:
పిచ్ ఐదు మిల్లీమీటర్లు, పండ్లు ఇన్ని,
ఇరుసుకూ ఇరుసుకూ నడుమ దూరం ఇంత,
చుక్క తర్వాత రెండంకెలు.
నూనె వద్దు, మోత లేదు,
నాలుగు బెల్టులూ కలిపి తూస్తే ఒక దోసె బరువు.
"నీ చైను ఈ ఊర్లో నూనె పూసుకోని తిరిగితే
సందేళకు వత్తి అయితాది, సూడు."

అదీ నిజమే.
జిన్నింగ్ మిల్లులు ఆడే నెలల్లో
మా గాలికి దూది పడుతుంది,
కరెంటు తీగల మీద, ఎనుముల రెప్పల మీద,
టీ గ్లాసులో మీగడ కంటే ముందే.
దస్తగిరి చైనుకు ఒక్క రాత్రిలో గడ్డం మొలిచింది.
మేం నవ్వాం. వాడు పాత బ్రష్షు తెచ్చుకుని
పసిపిల్లకు తోమినట్టు
ఒక్కో పన్నూ తోముతూ కూర్చున్నాడు.

మిల్లు షిఫ్టు దిగి, కూతురి కోసం,
తలనిండా దూదితోనే వచ్చింది ఉలిగమ్మ వాళ్ళమ్మ.
బెల్టును ఒక వేలితో పైకెత్తి చూసింది.
"మా మిల్లులోది జానెడు ఎడల్పు ఉంటాది.
ఏమన్నా ఇరుక్కుంటే జారిపోతాది.
అది జారబట్టే ఈ చెయ్యి ఉండాది."
"ఇది జారదు మా, దీనికి పండ్లుండాయి."
ఆమె దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసింది.
"పండ్లుండేది ఏదైనా కరుస్తాదిలే."

చివరికి గురురాజ సారు దగ్గరికి పంచాయితీ.
ఆయన లేత్ మీంచి తల ఎత్తలేదు.
"కొలత మీద నమ్మకముంటే బెల్టు.
అనుమానముంటే చైను.
ఏది మంచిదని నన్నెందుకడుగుతారు,
మీరెట్లాంటివాళ్ళో మీకు తెలీదా?"

ఉలిగమ్మ నా వైపు చూసింది.
"నమ్మకముంది సార్. డ్రిల్లు చేసేది వీడు."

ఆ రాత్రి మధ్యలో కరెంటు పోయి వచ్చింది.
వైస్ బిగించే ఉందా అని
మళ్ళీ చూసుకోలేదు నేను.
అల్యూమినియం పొట్టు వెండి సుడులై లేచింది,
రంధ్రం గుండ్రంగా, ముద్దుగా పడింది.

తెల్లారి బెల్టు పుల్లీ ఎక్కలేదు.
లాగాం, తిప్పాం, ఊదాం కూడా.
ఉలిగమ్మ మూడుసార్లు లెక్క చేసి
"తప్పు నాదే" అని ఆ పేజీ కొట్టేసింది.
వెర్నియర్ నా జేబులో ఉంది.
ఒకటిన్నర మిల్లీమీటరు.
బయటికి తీయలేదు.

ఇంకో ప్లేటుకు డబ్బుల్లేవు, పోటీ ఆదివారం.
దస్తగిరి గెలిచినట్టు మొహం పెట్టలేదు,
చైను తెచ్చాడు, ఒక సగం లింకు వేశాడు,
మిగిలిన వదులుకు నైలాన్ ముక్క చెక్కి ఆనించాడు.
అంతే. అంత తేలిగ్గా క్షమించేసింది చైను.

కర్నూలులో మా రోబో
రేకు మీద శనగలు పోసినట్టు మోతతో పరిగెత్తి
క్వార్టర్ ఫైనల్లో బ్యాటరీ తీగ ఊడి ఆగిపోయింది.
చైను మాత్రం ఊడలేదు.
తిరుగు బస్సులో కొట్టేసిన పేజీ
ఆమె ఒళ్ళో తెరిచే ఉంది, కోడుమూరు దాకా.

ఈ యేడు ప్లేటు కొత్తది.
బెల్టులు నాలుగూ ఇంకా కవరులోనే ఉన్నాయి.
దూరం పోయినసారి ఆమె వేసినదే,
మార్చొద్దని నేనే పట్టుబట్టాను,
ఎందుకని అడిగితే చెప్పలేదు.
వైస్ బిగించాను. చూశాను. మళ్ళీ చూశాను.

దస్తగిరి పక్కనే నిలబడి ఉన్నాడు,
జేబులో సగం లింకు ఆడించుకుంటూ.
ఏ కొలత మీద అనుమానమో
నేనడగలేదు.